ఎమీల్ కూయే: ఇరువది ముడుల దారము

రైలు స్టేషనులోని పుస్తకముల అంగడి యెదుట ఒక నిమిషము నిలిచి చూచినచో ఒక వరుస పుస్తకములు తప్పక కంటబడును. భయమును పోగొట్టుకొనుట యెట్లు, నిద్ర పట్టించుకొనుట యెట్లు, పరీక్షలకు మనస్సును సిద్ధపరచుకొనుట యెట్లు, పదిమందిలో తడబడక మాటలాడుట యెట్లు అని అవి బోధించును. అచేతన మనస్సు, ఆత్మసూచన, ఆత్మన్యూనతాభావము వంటి పదములు వానిలో వంటింటి మాటలవలె సులువుగా దొరలుచుండును. ఒకప్పుడు ఈ మాటలు మనోవ్యాధుల వైద్యశాలలలో మాత్రమే వినబడెడివి. వైద్యులు తమలో తాము వాదించుకొనుటకు కల్పించుకొన్న మాటలివి. వైద్యశాల గోడ దాటి ఇవి వీథిలోనికి, వీథినుండి ఇంటిలోనికి వచ్చిన త్రోవలు పెక్కు గలవు. వానిలో మిక్కిలి ఇరుకైనదియు, మిక్కిలి జనసమ్మర్దము గలదియు నైన ఒక త్రోవను వేసినవాడు వైద్యుడు కాడు. మందులమ్ముకొని జీవించిన ఒక ఫ్రెంచి గృహస్థు. ఆయన పేరు ఎమీల్ కూయే.

కూయే 1857 ఫిబ్రవరి 26వ తేదీన ఫ్రాన్సు దేశమున షాంపేన్ ప్రాంతములోని త్రువా పట్టణమందు జన్మించెను. తండ్రి రైల్వేలో చిన్న ఉద్యోగి. బాలుడు చదువులో చురుకైనవాడు. రసాయన శాస్త్రజ్ఞుడు కావలెనని ఆశించెను. ఇంటి పరిస్థితులు ఆ యాశను మోయగలిగినవి కావు. రసాయన శాస్త్రమునకు దాపున నుండి, కడుపు నింపగల వృత్తి మందుల తయారీ యొక్కటియే. కావున ఆ వృత్తి విద్య నభ్యసించి, పారిస్ నగరమున చదువు ముగించుకొని, స్వస్థలమునకు వచ్చి మందుల దుకాణము నడపసాగెను. శాస్త్రజ్ఞుడు కాలేకపోతినని ఆయన ఎన్నడైనను చింతించెనో లేదో గాని, శాస్త్రజ్ఞునికుండవలసిన ఒక గుణము, కంటి ఎదుట జరిగినదానిని తేలికగా త్రోసివేయకుండుట, ఆయనకు కడవరకు నిలిచెను.

ఔషధశాల బల్ల వెనుక నిలుచున్నవానికి వైద్యుని గదిలో కనబడని సంగతులు కొన్ని కనబడును. వైద్యుడు రోగిని ఒకమారు చూచి పంపివేయును. మందులమ్మువాడు సీసా చేతికిచ్చునప్పుడు రోగి ముఖమును చూచును. రెండవ సీసాకు వచ్చినప్పుడు మరల చూచును. అదే మందు, అదే మోతాదు. ఒకనికి పనిచేయును, మరియొకనికి పనిచేయదు. సీసా ఇచ్చుచు ఇది మేలైన మందని, దీనితో తప్పక నెమ్మదించునని ఒక మాట కలిపినప్పుడు గుణము హెచ్చుగా నుండుటను కూయే గమనించెను. ఆయనను గూర్చి ఒక కథ చెప్పుకొందురు. వైద్యుని చీటీ లేనిదే ఇయ్యరాని మందొకటి కావలెనని ఒకడు పట్టుబట్టెనట. అతనిని కాదనలేక, చట్టమును దాటలేక, కూయే హానిలేని నీటిని సీసాలో పోసి గంభీరముగా ఇచ్చి పంపెనట. కొలది దినములలో ఆ మనుష్యుడు తిరిగివచ్చి రోగము కుదిరినదని కృతజ్ఞత తెలిపెనట. మన పెద్దలు హస్తవాసి అని పిలిచినది ఇట్టిదే. హస్తవాసి మంచిదని పేరు వచ్చిన వైద్యుడు ఆ పేరును అనుభవించునే గాని, అది యేమి వస్తువో విప్పి చూడడు. కూయే విప్పి చూడదలచెను.

వివాహము ఆయన జీవితమును కొత్త దిక్కునకు త్రిప్పెను. భార్య లూసీ నాన్సీ నగరమునకు చెందినది. అత్తవారి ఊరికి రాకపోకలు జరుగుచుండగా, 1885లో కూయే అచటి లియెబో అను వైద్యుని చూచెను.

నాన్సీ ఆనాడు సామాన్య పట్టణము కాదు. 1870-71 యుద్ధమున ఫ్రాన్సు ఓడిపోయి, ఆల్సేస్‌ను, లొరేన్‌లో కొంత భాగమును జర్మనీకి అప్పగించిన పిమ్మట సరిహద్దున మిగిలిన పెద్ద ఫ్రెంచి నగరమది. పరపాలనమున నుండనొల్లని పండితులు పలువురు స్ట్రాస్‌బర్గ్ విడిచి అచటికి వచ్చి చేరిరి. వైద్యశాస్త్రాచార్యుడైన బెర్న్‌హైమ్ వారిలో ఒకడు. లియెబో మాత్రము ఆచార్యుడు కాడు. పల్లెలలో వైద్యము చేసి వచ్చి నాన్సీలో స్థిరపడినవాడు. తన యొద్దకు వచ్చు పేదవారికి ఆయన ఒక వింత బేరము పెట్టెడివాడు. మామూలు మందులు కావలెనన్నచో రుసుము చెల్లింపవలెను. నిద్రపుచ్చి మాటలతో నయము చేయుటకు ఒప్పుకొన్నచో ఏమియు నీయనక్కరలేదు. పేదవారు ఏది కోరుకొందురో చెప్పనక్కరలేదు. 1866లో ఆయన ఈ విషయమున ఒక గ్రంథము ప్రకటింపగా దానిని కొనినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మంది. 1882లో బెర్న్‌హైమ్ ఈ వింతను పరీక్షింపదలచి సందేహముతో వెళ్లి, విశ్వాసముతో తిరిగివచ్చెను.

అటుతరువాత నాన్సీకిని పారిస్‌కును పెద్ద వాదము చెలరేగెను. పారిస్‌లో సాల్పెత్రియేర్ వైద్యశాలలోని షార్కో ఆ కాలమున నాడీరోగ శాస్త్రమునకు చక్రవర్తి. వశీకరణ నిద్ర హిస్టీరియా రోగులలో మాత్రమే కానవచ్చు ఒక రోగలక్షణమని ఆయన సిద్ధాంతము. బెర్న్‌హైమ్ దానిని త్రోసిపుచ్చెను. ఆ నిద్రలో పనిచేయునది సూచన యనియు, సూచనకు లోబడుట ఆరోగ్యవంతుల స్వభావమునందును గలదనియు, మెలకువతో నున్నవారిమీద కూడ సూచన పనిచేయుననియు ఆయన వాదించెను. ఇది వైద్యుల ఇంటి తగవుగా కనబడవచ్చును గాని దీని విలువ గొప్పది. మనోరోగికిని మామూలు మనుష్యునికిని నడుమ నున్న గోడలో మొదటి ఇటుక ఇచటనే కదలెను. ఎవరి మనస్సు ఎట్లు చెడునో అట్లే ఎవరి మనస్సైనను బాగుపడవచ్చునను ఊహకు చోటు కలిగెను. వియన్నా నగరమున యువవైద్యుడైన ఫ్రాయిడ్ బెర్న్‌హైమ్ గ్రంథమును జర్మను భాషలోనికి అనువదించి, 1889లో తానే నాన్సీకి వచ్చి ఆ యిరువురిని చూచిపోయెను. పిదప ఆయన సూచనామార్గమును విడిచి, రోగి చెప్పునది వినుటయే ప్రధానముగా గల మరియొక త్రోవ పట్టెను. త్రువాలోని మందుల దుకాణదారు మాత్రము సూచననే పట్టుకొని ఇంకను దూరము నడచెను.

అయితే ఆ నడక వెంటనే సాగలేదు. కూయే ఊరికి తిరిగివచ్చి కొంతకాలము నిద్రపుచ్చు ప్రయత్నములు చేసి, లియెబో పద్ధతిలో తనకు చేతనగు క్రమము కానరాక మానుకొనెను. సుమారు 15 ఏండ్లు అంగడిలోనే గడచిపోయినవి. 1901 ప్రాంతమున అమెరికాలోని రోచెస్టర్ నగరమునుండి తపాలా మూలముగా పాఠములు పంపు ఒక సంస్థ ప్రకటన ఆయన కంటబడెను. వశీకరణ విద్య నేర్చి వ్యాపారమునందును సంఘమునందును విజయము పొందుడని దాని పిలుపు. జెనొఫన్ లామాట్ సేజ్ అను ఆడంబరపు పేరు పెట్టుకొని ఆ పుస్తకమును వ్రాసినవాడు వర్జిల్ నీల్ అను వ్యాపారి. తరువాతి కాలమున అతడు ముఖలేపనములమ్మి ధనికుడయ్యెను. చదువుకొన్నవాడెవడైనను ఆ ప్రకటనను చింపి పారవేసియుండును. కూయే పుస్తకము తెప్పించుకొని, ఊకను చెరిగి గింజలను ఏరుకొనెను. సిద్ధాంతమును ఆచార్యుల నగరములోను, అభ్యాసక్రమమును అంగడి పుస్తకములోను నేర్చుకొన్న ఈ మనుష్యుని చేతిలో ఆ రెండును కలిసినవి. స్వయంసహాయ పుస్తకములను చిన్నచూపు చూచువారు ఈ సంగతిని ఒకమారు తలచుకొనవచ్చును.

మరల నిద్రపుచ్చుట మొదలుపెట్టిన కూయేకు రెండు సంగతులు స్పష్టమైనవి. అందరిని నిద్రపుచ్చుట సాధ్యము కాదు. నిద్రపుచ్చవలసిన పనియు లేదు. ఒకరు చేసిన సూచనను రోగి తన మనస్సులోనికి తీసికొని తనదిగా చేసికొన్నప్పుడే అది పనిచేయును. తీసికొననిచో ఎంతటి మహావైద్యుని మాటయైనను గాలిలో కలిసిపోవును. కనుక నిజముగా పనిచేయునది పరసూచన కాదు, ఆత్మసూచన. ఈ మాట అనుకొన్న క్షణమున వైద్యుని సింహాసనము ఖాళీ యయ్యెను. లియెబో పడకప్రక్కన కూర్చుండి పలికిన మాటలను రోగి తన యింటిలో తానే పలుకుకొనవచ్చును. అందుకు చదువు అక్కరలేదు, ధనమక్కరలేదు. మొదట దారి చూపుటకు ఒక మనుష్యుడు, తరువాత జ్ఞాపకము చేయుటకు ఒక చిన్న పుస్తకము చాలును.

1910లో కూయే దుకాణమును విడిచి నాన్సీలో స్థిరపడి, జాన్ దార్క్ వీథి చివర తన యింటి తోటలో రోగులను చూడసాగెను. ఎవరియొద్దను రుసుము పుచ్చుకొనలేదు. ఈ విషయమున ఆయన లియెబోకు నిజమైన శిష్యుడు.

ఆయన సిద్ధాంతమునకు ప్రాణము ఒక్క మాటలో నున్నది. సంకల్పమునకును భావనకును పోరాటము కలిగినప్పుడు గెలుచునది ఎల్లప్పుడును భావనయే. ఈ మాట ఎంత సాహసమైనదో తెలియవలెనన్నచో వెనుకకు చూడవలెను. 1859లో సామ్యూల్ స్మైల్స్ స్వయంసహాయము అను పేరుతోనే ఒక గ్రంథము వ్రాసెను. పట్టుదల, పొదుపు, ఎడతెగని శ్రమ దానిలోని సూత్రములు. గట్టిగా తలచుకొన్నచో సాధింపలేనిది లేదని ఆ శతాబ్దమున తండ్రులు కుమారులకును, ఉపాధ్యాయులు శిష్యులకును చెప్పుచువచ్చిరి. సాధింపలేనివాడు పట్టుదల లేనివాడు, అనగా దోషి. కూయే ఈ నీతిశాస్త్రమును తలక్రిందులు చేసెను. మనుష్యుడు ఓడిపోవుట తలచుకొనకపోవుటచేత కాదు. లోపలి చిత్రము బయటి సంకల్పమునకు ఎదురు తిరుగుటచేత. నీతిపాఠముగా నున్న స్వయంసహాయము ఇచట మనశ్శాస్త్రముగా మారెను.

ఈ సంగతిని రుజువు చేయుటకు ఆయన గ్రంథముల నుదాహరింపలేదు. ఎవరైనను తమ యింటిలో పరీక్షించుకొనదగిన దృష్టాంతములను చూపెను. పది మీటర్ల పొడవు, పావు మీటరు వెడల్పు గల చెక్కపలకను నేలపై పరచినచో దానిమీద ఎవరైనను తడబడక నడతురు. అదే పలకను పెద్ద చర్చి గోపురముల నడుమ అంత ఎత్తున అమర్చినచో రెండడుగులు వేయుటకైనను కాళ్లు వణకును. పలక వెడల్పు తగ్గలేదు, కాళ్ల బలము తగ్గలేదు, నడువవలెనను కోరికయు తగ్గలేదు. పడిపోవుదునను చిత్రము మనస్సులో నిలిచినది, అది చాలును. సైకిలు నేర్చుకొనువాడు దారిలోని అడ్డమును తప్పించుకొనవలెనని ఎంత ఆత్రపడునో అంత సూటిగా దానిమీదికే పోవును. నిద్ర పట్టనివాడు నిద్రపోవలెనని ప్రయత్నింపక ఊరకున్నచో కొంత నెమ్మదిగా నుండును. ప్రయత్నించినకొలది మెలకువ హెచ్చును. మరచిపోయిన పేరును తరుముకొని పోయినచో అది పారిపోవును. వేరు మాటలలో పడినప్పుడు తానే వచ్చి నిలుచును. నవ్వరానిచోట నవ్వును ఆపుకొనబోయిన విద్యార్థులకు ఈ నియమమును ఎవరును నేర్పనక్కరలేదు. జెనీవాలోని శిష్యుడు చార్లెస్ బోదువా దీనికి విపరీత ప్రయత్న నియమమని శాస్త్రీయమైన పేరు పెట్టెను.

సంకల్పము పనికిరానప్పుడు భావనను దిద్దుకొనుట యెట్లు? దీనికి కూయే చూపిన ఉపాయము ఎంత చిన్నదనగా, దాని చిన్నతనమే ఆయనకు కీర్తిని, అపకీర్తిని కూడ తెచ్చెను. ఉదయము మేల్కొనగనే, రాత్రి నిదురించుటకు ముందు, కన్నులు మూసికొని, తన చెవికి వినబడునంత మెల్లగా పెదవులు కదలించుచు, దినదినము అన్ని విధముల తాను అంతకంతకు మెరుగగుచున్నానను అర్థము గల ఒక వాక్యమును 20 సార్లు పలుకవలెను. లెక్క తప్పకుండుటకు 20 ముడులు వేసిన దారమొకటి చేతబట్టుకొనవలెను. లెక్కించుటయందు మనస్సు నిలుపరాదు, ప్రయత్నింపరాదు, పట్టుదలతో పలుకరాదు. పట్టుదల వచ్చిన వెంటనే సంకల్పము వచ్చును, సంకల్పము వెనుకనే ఎదురుదెబ్బ వచ్చును. అన్ని విధములను మాటలో ఎవరి బాధ వారికి ఇమిడిపోవును గనుక రోగమును పేరుపెట్టి పిలువనక్కరలేదు. జపమాల నెరిగిన మనకు ఇది వింతగా తోచదు. కూయే తానును దీనిని క్రైస్తవుల ప్రార్థనావళి పఠనముతో పోల్చెను. అయితే ఈ జపమున దేవుడు లేడు. జపించువాడే కర్త, జపించువాడే ఫలదాత. మతగురువులు కొందరు దీనిని శంకించుట అందువలననే.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఈ తోట ఐరోపాకంతకు తెలిసిన చోటయ్యెను. దానికి కారణములు గలవు. యుద్ధమునుండి కంపించు చేతులతో, మూగవోయిన నోళ్లతో వేలకొలది సైనికులు తిరిగివచ్చిరి. గాయము కానరాని రోగమొకటి గలదని సామాన్య జనులు అప్పుడు కన్నులార చూచిరి. 1918లో వచ్చిన విషజ్వరము యుద్ధమునకు మించిన ప్రాణములను బలిగొనెను. పెనిసిలిన్ ఇంకను కనుగొనబడలేదు. వైద్యుని సంచిలో నిజముగా పనిచేయు మందులు కొలదిగా నుండిన ఆ దినములలో, మాటకు పనిచేయు గుణము గలదన్న వార్తకు చెవియొగ్గనివారెవరు? 1920లో బోదువా ఫ్రెంచిలో వ్రాసిన పెద్ద గ్రంథము ఆ యేడే ఇంగ్లీషులోనికి వచ్చెను. 1922లో హ్యారీ బ్రూక్స్ ఇంగ్లీషున మరియొకటి ప్రకటించెను. కూయే స్వయముగా వ్రాసిన చిన్న పుస్తకము, చేతనపూర్వకమైన ఆత్మసూచనచే తన్ను తాను వశపరచుకొనుటను గూర్చినది, నూరు పుటలకు మించనిది, దేశదేశములకు వ్యాపించెను.

బ్రూక్స్ ఆ తోటను కన్నులకు కట్టునట్లు వర్ణించెను. ధనికులును, శ్రామికులును, యుద్ధమున గాయపడినవారును ఒక్కచోటనే కూర్చుండిరి. కూయే పొట్టివాడు, దిట్టమైన దేహము, నెరసిన గడ్డము, హాస్యమాడు స్వభావము. ఒక్కొక్కరి యొద్దకు వచ్చి వారి కష్టమును వినును గాని ఎక్కువసేపు విననీయడు. బాధను వర్ణించుకొనుట సైతము ఒక సూచనయే యని ఆయన మతము. పిదప రెండు చేతుల వ్రేళ్లను పెనవేసి గట్టిగా బిగించి, విడదీయలేనని అనుకొనుమనును. అట్లనుకొన్నంతసేపు చేతులు విడివడవు. విడదీయగలనని అనుకొనుమనగనే విడిపోవును. ఇంతే పాఠము. రోగి అంతవరకు ఎన్ని సంవత్సరములు తన వ్రేళ్లను తానే బిగించుకొనియుండెనో దానివలన గ్రహించును. కడపట అందరిని కన్నులు మూసికొనుమని, తాలు మాటలు లేక, ఒకే స్వరముతో, ఆకలి, జీర్ణము, నిద్ర మొదలు ధైర్యము వరకు ఒక్కొక్కటే చక్కబడునని చెప్పుకొనిపోవును. బాధ పుట్టినప్పుడు, పోవుచున్నదను చిన్న మాటను ఊపిరాడనంత వేగముగా పలుకుచు ఆ చోటును చేతితో నిమురుకొనుమని నేర్పును. పిల్లలను మదమ్వాజెల్ కోఫ్మాన్ అను ఆయన సహాయకురాలు వేరుగా చూచెడిది.

ఉపాధ్యాయులు ఆ చిన్న పుస్తకమున చదువదగినది పిల్లల పెంపకమును గూర్చిన భాగము. రోగులకు చెప్పినదానికంటె ఇచట కూయే మాట ఎక్కువ బరువు గలది. పిల్లవానిని సోమరియని, పనికిమాలినవాడని పలుమారు పిలిచినచో, పిలిచినవారు ఏ లోపమును నిందించుచున్నారో దానినే వానిలో నాటుచున్నారని ఆయన హెచ్చరించెను. పెద్దల కంఠము మృదువుగాను, స్థిరముగాను ఉండవలెను. ఇవి ఈనాడు శిక్షణ కళాశాలలలో పాఠములు; బెత్తము పాఠశాలకు అలంకారముగా నుండిన ఆ కాలమున ఒక మందుల దుకాణదారు నోట వెలువడినవి. నిదురించు పిల్లవానికి మీటరు దూరమున నిలిచి తల్లియో తండ్రియో మంచి మాటలను 15, 20 సార్లు గుసగుసలాడవలెనని కూడ ఆయన చెప్పెను. ఇది నవ్వు పుట్టింపవచ్చును గాని, పగలంతయు తిట్టి రాత్రి గుసగుసలాడుట ఏ తండ్రికిని సాధ్యము కాదు. పిల్లవానికి మేలు కలుగుట యెట్లున్నను, తండ్రి నోరు ఇందువలన తప్పక శుభ్రపడును.

1921 మొదలుకొని కూయే ఇంగ్లండునకు పోయి ఉపన్యసించెను. 1923 జనవరిలో న్యూయార్క్‌లో ఓడ దిగునప్పటికి ఆయన పేరు తెలియని పత్రికాపాఠకుడు అమెరికాలో లేడనుట అతిశయోక్తి కాదు. సభామందిరములు నిండిపోయెను. ఒకప్పుడు రోచెస్టర్ నుండి తపాలాలో వచ్చిన సరకు, ఊక పోయి గింజయై, అదే దేశమునకు తిరిగిచేరెను. అచట మరల ఊక చేరుటకు ఎక్కువ కాలము పట్టలేదు. ఆయన పేర సంస్థలు వెలసినవి. ఆ చిన్న వాక్యము పాటలకును, విదూషకుల హాస్యమునకును వస్తువయ్యెను.

కూయే జీవితములోని విషాదమంతయు ఇందే యున్నది. తాను ఎవరిని బాగుచేయలేదని, బాగుచేయు శక్తి తనకు లేదని, అది వచ్చినవారిలోనే యున్నదని ఆయన ప్రతి సభయందును చెప్పెను. జనులు ఆ మాట విని చప్పట్లు కొట్టి, ఆయన చేయి తగిలిన చాలునని త్రోసికొనివచ్చిరి. ఖాళీ చేసిన సింహాసనము మీద ఆయననే బలవంతముగా కూర్చుండబెట్టిరి. పుస్తకమున పాన్యూర్జ్ గొర్రెల కథను, అనగా ఒకటి దూకగా తక్కినవన్నియు సముద్రమున దూకిన కథను, ఆయన తానే ఉదాహరించియుండెను. ఆ మందలోని గొర్రెలవలె గాక ఎవరి మనస్సును వారు ఏలుకొనుడని చెప్పినవాని వెనుకనే మంద బయలుదేరెను.

వైద్యుల ఆక్షేపణ వేరు. శరీరము చెడినప్పుడు జపము చేసికొనుచు కూర్చున్నచో ప్రాణము మీదికి వచ్చునని వారు భయపడిరి. కూయే మందులను మానుమనలేదు. వైద్యుని చికిత్స పొందుచునే ఆత్మసూచనను జోడింపుమనెను. మందులమ్మినవాడు మందును ద్వేషించునా? అయినను పుస్తకము చదువువానికి ఈ హెచ్చరికకంటె చివర అచ్చువేసిన కృతజ్ఞతా లేఖలే ఎక్కువగా కనబడును. నయమైనవారే లేఖలు వ్రాయుదురు. నయముకానివారు వ్రాయరు, వ్రాసినను అచ్చుకావు. ఈ లోపము కూయేతో మొదలు కాలేదు, ఆయనతో పోనూ లేదు. దీనికంటె లోతైన చిక్కు మరియొకటి గలదు. తాళపుచెవి రోగి చేతిలోనే యున్నదని చెప్పినప్పుడు, తలుపు తెరువబడనిచో తప్పెవరిది? పట్టుదల లేదని పూర్వము నిందింపబడినవాడు, ఇప్పుడు భావన సరిగా చేయలేదని తన్ను తానే నిందించుకొనును. దోషమునుండి మనుష్యుని విడిపించుటకు వచ్చిన సిద్ధాంతము, చిన్న పుస్తకమై చేతికందినప్పుడు, ఆ దోషమునే వేరు పేరుతో తిరిగి తెచ్చిపెట్టెను. తోటలో కూయే ముఖమును చూచినవారికి ఈ కష్టము తక్కువ. ఆయన హాస్యమాడి దానిని తేలికపరచెడివాడు. పుస్తకమునకు ముఖము లేదు.

కూయే 1926 జూలై 2వ తేదీన నాన్సీలో మరణించెను. వయస్సు 69 సంవత్సరములు. అంతలోనే ఆయన పేర వెలసిన సంస్థలు వాడిపోవుచుండెను గాని త్రోవ మూతపడలేదు. 1937లో అమెరికాలో నెపోలియన్ హిల్ ధనార్జనమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఆత్మసూచనకు ఒక అధ్యాయము కేటాయించెను. రోగులకు చెప్పిన మాట అచట వ్యాపారులకు చెప్పబడెను. 1952లో నార్మన్ విన్సెంట్ పీల్ సానుకూల చింతనను గూర్చి గ్రంథము వ్రాసెను. మతాచార్యుడైన ఆయన స్మైలీ బ్లాంటన్ అను మనోవైద్యునితో కలిసి న్యూయార్క్‌లోని చర్చిలో చికిత్సాలయము నడపినవాడు. కూయే తీసివేసిన దేవుని ఆయన మరల తెచ్చి కూర్చుండబెట్టెను.

శాస్త్రజ్ఞులును ఆలస్యముగా ఆ తోటలోనికి తొంగిచూచిరి. 1955లో హెన్రీ బీచర్ అను అమెరికా వైద్యుడు, మందులేని మాత్ర సైతము రోగులపై చూపు ప్రభావమును లెక్కలతో చూపి, కొత్త మందులను పరీక్షించునప్పుడు దానిని మరువరాదని వాదించెను. త్రువాలో నీటిసీసా ఇచ్చినవానికి ఇది కొత్త సంగతి కాదు. 1987లో డేనియల్ వెగ్నర్, అతని సహచరులు తెల్లని ఎలుగుబంటిని తలపవలదని విద్యార్థులకు చెప్పి చూడగా, వలదన్న తలంపు మాటిమాటికి వచ్చుచుండెను. 2009లో కెనడాలో జోఆన్ వుడ్, ఆమె సహచరులు జరిపిన పరీక్షలు మాత్రము కూయే పుస్తకమునకు నేరుగా తగిలినవి. తమపై తమకు గౌరవము గలవారు తమ్ము మెచ్చుకొను వాక్యమును పలుకుకొన్నచో కొంత మేలు పొందిరి. అట్టి గౌరవము లేనివారు, అనగా ఆ వాక్యము నిజముగా ఎవరికి కావలెనో వారు, పలుకుకొన్న పిమ్మట మునుపటికంటె కుంగిపోయిరి. లోపలి చిత్రము ఎదురు తిరుగుట యన్నది ఇదియే. తన సూత్రమే తన వాక్యమునకు అడ్డు వచ్చునని కూయే ఊహించినట్లు కానరాదు. ప్రయత్నము లేక పలుకుమని మాత్రము చెప్పెను.

ఫ్రెంచి భాషలో ఆయన పేరు ఈనాటికిని జీవించియున్నది. పరిస్థితులు చెడియున్నను అంతయు బాగుగనే యున్నదని మంత్రి యెవడైనను పదేపదే చెప్పినప్పుడు, ఆయన కూయే పద్ధతిని అవలంబించుచున్నాడని పత్రికలు ఎగతాళి చేయును. ఆ పత్రికలను చదువువారిలో, జాన్ దార్క్ వీథి చివర తోటలో రుసుము పుచ్చుకొనక, తనకే శక్తియు లేదని చెప్పి పంపిన మందుల దుకాణదారును ఎరిగినవారు బహు కొద్ది.